తాతను నేను పాస్ చేయించిన పరీక్ష

రాసుకోవే చిట్టీ, నవ్వకుండా రాసుకో. మీ తాతను నేను పరీక్షలో పాస్ చేయించి కొంప ముంచిన కథ ఇది.

మూడేళ్ల కిందట తాతకు మతిమరుపు మొదలైంది. తిని చెయ్యి కడుక్కున్న గంటకే, "ఏమే, ఇయ్యాల అన్నం పెట్టవా ఏంది?" అనేవాడు. ఊళ్లో పదిమందికి తగువులు తీర్చే మనిషి! ఈ మాట బయటికి పొక్కితే ఇంకెవరు లెక్కచేస్తారు? అందుకే నరసరావుపేటలో నరాల డాక్టరు దగ్గరికి బయల్దేరినప్పుడే అనుకున్నాను, ఈయన్ని ఎలాగైనా గట్టెక్కించాలని.

డాక్టరు చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టాడు. కాలు కోడెదూడలా ఎగిరింది. నాకు ధైర్యం వచ్చింది. తర్వాత, "పెద్దాయనా, మంచం, గొడుగు, మామిడికాయ. గుర్తుపెట్టుకోండి, కాసేపాగి అడుగుతా" అన్నాడు.

అడిగాడు. తాత నా వంక చూశాడు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు; నేను అడక్కుండానే వడ్డించాను. డాక్టరు వెనక నిలబడి, చెంప కింద చెయ్యి పెట్టి కళ్లు మూశాను.

"మంచం!"

నెత్తి మీద అరచెయ్యి పట్టాను.

"గొడుగు!"

మొహం పుల్లగా పెట్టి లొట్టలేశాను.

"మామిడికాయ!"

డాక్టరు గిర్రున తిరిగాడు. "ఏందమ్మా?"

"ఏం లేదు సార్, పంట్లో ఏదో ఇరుక్కుంది."

"సరే, ఆఖరిది. పెద్దాయనా, ఈమె పేరేంటి?"

తాత నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నా పేరుకు సైగ ఎక్కణ్ణుంచి తెచ్చేది, నువ్వే చెప్పవే!

"మా ఇళ్లల్లో మొగుళ్లు పేరుపెట్టి పిలవరు సార్! 'ఏమే' అంటాడంతే. సిగ్గుపడతన్నాడు" అని నవ్వేశాను. డాక్టరూ నవ్వాడు. వయసు మతిమరుపేనని రాసి పంపేశాడు.

యుద్ధం గెలిచినదానిలా బస్సెక్కాను. ఊరు దాటాక తాత నా చెవి దగ్గరకొచ్చాడు.

"ఏమే, ఏమనుకోమాక. నీ పేరేందే? ఈసారి అడిగితే చెప్తా."

"సీతారావమ్మ" అన్నాను.

తర్వాతి స్టాపులో దిగి, తిరుగు బస్సెక్కి, మళ్లీ డాక్టరు ముందు నిలబడ్డాను. "సార్, మా ఆయన తప్పాడు. కాపీ అందించింది నేనే. మళ్లీ పెట్టండి పరీక్ష."

ఈసారి నన్ను బయట కూర్చోబెట్టారు. తలకు స్కానింగ్ తీయించారు. మందులైతే ఇచ్చారు గానీ, పోయిన పేరు తెచ్చే మందు లేదన్నారు.

కాబట్టి చదివేవాళ్లందరి సాక్షిగా ఒట్టు: ఇకమీదట ఎవరి పరీక్షలోనూ జవాబు అందించను. ఒక్క ప్రశ్నకు మినహాయింపు.

అదుగో, మంచంలోంచి అడుగుతున్నాడు. కలం కింద పెట్టవే, నా పేరు చెప్పొస్తాను.