గురువారం అంగడిలో నేను చెప్పిన మాట

మా పెద్దది ఇప్పుడు కాలేజీకి పోతోంది. అది బడిలో చేరకముందు నేను చేసిన ఒక పని ఇంతకాలం నా లోపల అలాగే ఉండిపోయింది. రోజూ బాధపెట్టే బరువు కాదు. నెలల తరబడి గుర్తే రాదు. ఉన్నట్టుండి ఎవరో నన్ను మెచ్చుకుంటారు, అప్పుడు లేస్తుంది. తిట్టిన రోజున ఎన్నడూ లేవలేదు. మెచ్చుకున్నప్పుడే లేస్తుంది. ఇన్నేళ్లూ నవ్వేసి తప్పించుకున్నాను. మీలో చాలామంది ఎవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ముందే ఒక మాట. ఇది ఓడిపోయినదాని ఏడుపు కాదు. నేను గెలిచాను. ఆ గెలుపు ఇవాళ తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

మా ఆయనది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనికి కుదిరాడు. మాది నల్గొండ దగ్గర పల్లె. పెళ్లయ్యాక ఎల్బీనగర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. పాపకు మూడేళ్లు నిండి, బాబు ఇంకా పాలు తాగుతున్న రోజుల్లో ఉద్యమం ఊపందుకుంది. బంద్ అంటే షట్టర్లు దించేవారు. దుకాణం మూసిన రోజుకు జీతం లేదు. మాకు ఉద్యమం మీద కోపం ఉందనుకోకండి. దుకాణం లేని రోజు మా ఆయన ర్యాలీలో ఉండేవాడు. రోడ్డు మీద వంటావార్పు పెడితే నేను బాబును చంకనేసుకుని పోయి పప్పు గరిటె తిప్పాను. తెలంగాణ కావాలి. ఇంట్లోకి బియ్యమూ కావాలి. రెండూ నిజమే.

అప్పుడే మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చి రెండు రోజులుండి అంతా చూసింది. పోయేముందు నన్ను పక్కకు పిలిచింది.

"పిల్లను నాకియ్యి. ఊర్ల బర్రె పాలున్నయి, పెరట్ల కూరగాయలున్నయి. మీకు మంచిగైనంక తోల్కపోదురు."

ప్రేమతోనే అంది. అందుకే ఎక్కువ నొచ్చుకున్నాను. నా బిడ్డకు నేను తిండి పెట్టలేనా? ఆమె బస్సెక్కిన సాయంత్రమే పట్టుబట్టాను. ఇంట్లో వారానికి అయ్యే ఖర్చును సగానికి తెస్తాను, పాప మాత్రం నా దగ్గరే పెరుగుతుంది.

తెచ్చాను! ఎలా తెచ్చానో చెప్పనివ్వండి, ఇందులో దాచాల్సిందేమీ లేదు. అప్పటిదాకా మూలమీది కిరాణా దుకాణంలో ఏ రోజుకారోజు పొట్లాలు తెచ్చుకునేవాళ్లం. పావుకిలో పప్పు, చిన్న ప్యాకెట్ నూనె, రూపాయి షాంపూ. కొనేటప్పుడు చవకగానే ఉంటుంది, వారం తిరిగేసరికి చేతిలో ఏమీ మిగలదు. అది మానేశాను. పై అంతస్తులో కృష్ణవేణిగారని గుడివాడ వైపు వాళ్లు ఉండేవారు. ఆ రోజుల్లో వాళ్లు మాతో మాట్లాడటానికి బెదిరేవారు, ఏం మాట్లాడాలో తెలియక మేమూ తప్పుకునేవాళ్లం. ఒకరోజు మెట్ల మీద ఆపి, బియ్యం బస్తా కలిసి కొందామా అని అడిగాను. ఆమె ఒక మెట్టు దిగి వచ్చింది.

"కందిపప్పు కూడా కలుపుకుందామండీ. మలక్‌పేట గంజ్‌లో రేటు చాలా తేడా ఉంటుందట."

అలా మొదలైంది. ఇద్దరం నలుగురమయ్యాం. ఆటోలో బస్తాలు తెచ్చి మెట్ల కింద పంచుకునేవాళ్లం. బట్టల సబ్బులు పెట్టెలతో తెచ్చేవాళ్లం. ముల్లంగి ఆకు పప్పులోకి, సొరకాయ తొక్క పచ్చడిలోకి, గోబిపువ్వు కాడలు పులుసులోకి. వారంవారం కోడికూర పోయి గుడ్లు వచ్చాయి. పిల్లల పాలు మాత్రం ముట్టుకోలేదు. "గింత తక్కువల ఎట్ల ఎల్లదీస్తున్నవే?" అని మా ఆయన ఆశ్చర్యపోతుంటే నాకు కడుపు నిండిపోయేది.

ఇక కూరగాయలు. మా కాలనీ రోడ్డు మీద గురువారం సాయంత్రం అంగడి జరుగుతుంది. అందరూ వెలుగుండగా పోతే నేను అమ్మేవాళ్లు సర్దుకునే వేళకు పోయేదాన్ని. మిగిలిన సరుకు మోసుకుపోలేక తగ్గించి ఇస్తారు. అక్కడే యాదమ్మ పరిచయం. తుర్కయంజాల్ నుంచి వచ్చేది. మా అమ్మ వయసు ఉంటుంది. మొగుడు లేడు, అల్లుడి పొలంలో పండినవి, పక్కవాళ్ల దగ్గర కొన్నవి తెచ్చి అమ్మేది. మిగిలినవాటిని తెల్లారి సైదాబాద్ గల్లీల్లో తిప్పి అమ్ముకునేది.

ఆ గురువారం నా చేతిలో దాదాపు ఏమీ లేదు. ఆ నెలలో దుకాణం తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. యాదమ్మ ముందు టమాటలు, వంకాయలు గంపల నిండా ఉన్నాయి. నేను అడిగిన ధరకు ఆమె ఒప్పుకోలేదు. వెనక్కి రెండడుగులు వేశాను. మళ్లీ తిరిగాను. ఆ మాట నా నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. కాదు, తెలుసు. నేనే తెచ్చుకున్నాను.

"ఇంత సరుకు పెట్టుకొని కూసున్నవేంది యాదమ్మా? రేపు బంద్ గదా."

"ఎవలు చెప్పిండ్రు బిడ్డా? టీవీల ఏం రాలే గదా."

"మా అన్న చెప్పిండు. కండక్టర్ గదా, వాళ్లకు ముందే ఎరుకైతది. బస్సులు డిపోలకెళ్లి బయటికి రావట."

"అయ్యో! రేపు సైదాబాద్ పోదామనుకుంటి. గీ టమాటలు ఎల్లుండికి ఆగుతయా?"

"నేను తీస్కపోతగని, ఎంతకిస్తవ్?"

ఆమె గంపల వంక చూసింది, నా వంక చూసింది.

"నీకు తోచినంత ఇయ్యి బిడ్డా."

నాకు తోచినంత ఇచ్చాను. ఎంతో రాయను. నన్ను నమ్మి ధర నా చేతిలో పెట్టిన మనిషికి, అంతకుముందు ఆమె కాదన్న ధరలో సగం కూడా ఇవ్వలేదు. ఎందుకు? ఇంకొంచెం ఇవ్వడానికి కొంగున ఉంది కూడా. మా మాటలు విన్న పక్కవాళ్లూ తగ్గించి అమ్మేసుకున్నారు. మా అన్న ఆర్టీసీలో కండక్టరన్నది నిజమే, కాని నాతో ఏమీ చెప్పలేదు. ఆ వారం నేను అన్నతో మాట్లాడనే లేదు.

ఇంటికొచ్చి టమాటలు కోసి ఉప్పు పసుపు కలిపి డాబా మీద ఎండబెట్టే ఏర్పాట్లు చేస్తుంటే ఒకటే ఆలోచన. తెల్లవారితే బయటపడుతుంది, ఇక ఆ అంగడికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి?

తెల్లవారింది. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. ఎక్కడో ఏదో జరిగి ఉన్నపళంగా బంద్‌కు పిలుపిచ్చారని టీవీలో చెబుతున్నారు. నేను వంటగదిలోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆపుకోలేని నవ్వు. నా అబద్ధం నిజమైపోయింది. దేవుడు నా పక్షాన ఉన్నాడనుకున్నాను.

తర్వాతి గురువారం యాదమ్మ లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నువ్వు చెప్పకపోతే సరుకంతా కుళ్లిపోయేదని పక్కవాళ్లందరికీ నన్ను చూపించింది. ఆ రోజు నుంచి ఆమె దగ్గర నాకు వేరే ధర. పైన కొత్తిమీర కట్ట ఊరికే. మిగతావాళ్లు కూడా రేపు బంద్ ఉందా అని నన్నే అడిగేవారు. ఆ దయతో మా ఇల్లు ఏడాదిపాటు గడిచింది. పాపకు బుగ్గలొచ్చాయి. ఆ బుగ్గలు చూసి మురిసిపోయేదాన్ని. అది దొంగసొత్తు అని ఒక్కసారైనా అనిపించిందా? అనిపించలేదు. ఒకసారి నిజమైపోయిన అబద్ధం అబద్ధమెలా అవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

అంతటితో ఆగి ఉంటే బహుశా ఇది రాసేదాన్ని కాదు.

మరుసటి ఏడు పాప పుట్టినరోజు వచ్చింది. అప్పటికి మా ఆయన జీతం కొంచెం కుదుటపడింది. అత్తమ్మ వస్తోంది. ఈసారి పిల్లను తీసుకుపోయి ఊళ్లో బడిలో వేస్తానని ఫోనులో గట్టిగానే చెప్పింది. నేను మాత్రం ఇల్లంతా, పై అంతస్తు, పక్కింటివాళ్లు, అందరినీ భోజనానికి పిలిచాను. ఆమె నోరెత్తకూడదు, అలా వడ్డించాలి. మామూలు ధరకు కూరగాయలు కొనే డబ్బు నా దగ్గర ఉంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఉంది. అయినా గురువారం అంగడికి పోయి, అదే గొంతుతో, అదే అన్న పేరు చెప్పి, అదే మాట అన్నాను. మొదటిసారి అవసరం అనైనా చెప్పుకోవచ్చు. రెండోసారి గొప్ప కోసం.

యాదమ్మ ఎదురు ప్రశ్న వేయలేదు. ఉన్నదంతా నా సంచుల్లో పోసింది. తర్వాత చిన్న ముఖం చేసుకుని చెప్పింది. సరూర్‌నగర్‌లో ఒక పెళ్లిళ్ల వంటమాస్టరుకు పొద్దున్నే ఆటో నిండా కూరగాయలు దించాలట. ఆయన ఆమెకు అంత పెద్ద పని చెప్పడం అదే మొదటిసారి. బంద్‌లో ఆటో రాదు కదా, మాట తప్పినదాన్నవుతానని, ముందే చెప్పేస్తానంది. ఆమెకు ఫోన్ లేదు.

"జర ఫోన్ కలిపి ఇయ్యి బిడ్డా."

నా ఫోన్‌లో, నా వేలితో, నేనే ఆ నంబరు నొక్కి ఇచ్చాను. రేపు రాలేనని ఆమె ఆయనతో చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను. అప్పుడైనా, పొరపాటు పడ్డాను, బంద్ కాదేమో అనొచ్చు. నాలుగు మాటలు. గొంతు దాకా వచ్చాయో లేదో కూడా చెప్పలేను. సంచులు బరువుగా ఉన్నాయి, ఆటో కోసం చూస్తున్నాను, అంతే గుర్తుంది.

తెల్లారి బస్సులు తిరిగాయి. పాలు కాస్తూ హారన్లు విన్నాను. నాకు నవ్వు రాలేదు.

అయితే ఆ రోజు భోజనం మాత్రం ఎవరూ మరిచిపోలేదు. బగారన్నం, నూనెలో మగ్గిన వంకాయ, టమాట పప్పు, పచ్చిపులుసు, పాయసం. పిలిచినవాళ్లంతా రెండోసారి వడ్డించుకున్నారు. అత్తమ్మ తిని చేయి కడుక్కుని, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని అందరి ముందూ అంది.

"నాకంటె నువ్వే మంచిగ సాదుతున్నవ్. పిల్ల ఈడనే ఉండనీ."

నా జీవితంలో అంతకన్నా పెద్ద గెలుపు లేదు. తెలంగాణ వచ్చిన రోజు రంగులు చల్లుకుని వీధుల్లో గంతులేశాం, ఆ రోజు కూడా నేను ఇంత పొంగిపోలేదు. ఆ క్షణం వంటమాస్టరు గాని, యాదమ్మ గాని నాకు గుర్తు లేరు. మీతో అబద్ధం ఆడను. నిజంగా గుర్తు లేరు.

వారం తర్వాత యాదమ్మ ఎదురైంది. వంటమాస్టరు వేరే మనిషిని కుదుర్చుకున్నాడని, ఇక తనను పిలవడని చెప్పింది. నన్ను నిలదీస్తుందేమో అనుకున్నాను. కాదు, నన్ను ఓదారుస్తోంది. "మీ అన్నకు గూడ తప్పు చెప్పిండ్రేమో బిడ్డా, నువ్వేం జేస్తవ్" అంది. ఎప్పటిలాగే కొత్తిమీర నా సంచిలో పెట్టింది. నేను తీసుకున్నాను.

బంద్ అన్న మాట మళ్లీ ఎన్నడూ వాడలేదు. కాని ఇంకో సంగతి ఉంది. ఆ తర్వాత కూడా ఆమెతో బేరమాడుతూనే ఉన్నాను. ఒక్కసారిగా మానేస్తే అనుమానం వస్తుందని భయం. రాష్ట్రం వచ్చాక కొన్నాళ్లకు ఆమె రావడం ఆగిపోయింది. చిన్న కూతురి దగ్గరికి పోయిందన్నారు. ఏ ఊరని అడిగితే పక్కవాళ్లకూ తెలియదు. ఆలస్యంగా అడిగాను కదా.

మెట్ల కింద నలుగురితో మొదలైన మా పంపకం ఇవాళ మూడు కాలనీల్లో నడుస్తోంది. రైతుల దగ్గరే నేరుగా కొంటున్నాం, అడిగిన ధర ఇస్తున్నాం. కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయిలు వచ్చి వారం ఖర్చు ఎట్లా తగ్గించాలో నన్ను అడిగి నేర్చుకుంటారు. అదంతా నా కష్టమే, దాన్ని తక్కువ చేసి చెప్పను. మొన్న అందరూ కలిసి నాకు శాలువా కప్పారు. కృష్ణవేణిగారు మైకు పట్టుకుని మాట్లాడారు. "ఆ రోజుల్లో తన ఇంట్లోనే గడవకపోయినా, బంద్ అని ముందే చెప్పి అంగడివాళ్లను కాపాడిన మనిషండీ ఈవిడ" అన్నారు. చప్పట్లు కొట్టారు. మా పెద్దది ముందు వరుసలో నిలబడి మరీ కొట్టింది. మాట్లాడమని మైకు ఇస్తే గొంతు పట్టేసిందని సైగ చేశాను.

మూడు కాలనీలవాళ్లూ కలిసి వేస్తున్న చిన్న పుస్తకానికి నా అనుభవం రాసిమ్మన్నారు. ఇదే ఇస్తున్నాను. కింద నా పేరు పెట్టలేదు. మా వాళ్లు చదివితే సగంలోనే పోల్చుకుంటారు, కృష్ణవేణిగారైతే ఇంకా ముందే. మా పెద్దది ఏమంటుందో తెలియదు. యాదమ్మ ఇది చదవదు, ఆమెకు చదువు రాదు, ఎవరైనా చదివి వినిపించినా ఆమె నన్ను క్షమించాలని నేను అడగను. నష్టపోయింది ఆమె, తిన్నది మేము.

రాయడం అయిపోయింది. కాగితాలు మడిచి కవరులో పెట్టాను. పైకి పోయి, పుస్తకం పని చూస్తున్న కృష్ణవేణిగారికి నా చేత్తోనే ఇచ్చి వస్తాను.