ఒక్కపొద్దు చాయ్

తెలివితక్కువతనం నాదేనని ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం సులువు. ఆపరేషన్ ముందు కడుపు ఖాళీగా ఉంచుకొమ్మని రోగులకు చెప్పడం మత్తు డాక్టరుగా నా పని. కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్ శివార్లలో సుచిత్ర చౌరస్తా దగ్గర రెండు గదుల వాటాలో దిగిన కొత్తలో, ఆ మాట ఇక్కడివాళ్ళకు ఇక్కడి పద్ధతిలోనే చెప్పాలని ఉబలాటపడ్డాను. "రేపు ఒక్కపొద్దు అనుకోండి" అనేవాణ్ణి. అందరూ భక్తిగా తలూపేవారు. మా అమ్మ ఏకాదశినాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఉపవాసమంటే ఎక్కడైనా అంతేననుకున్నాను. ఇక్కడి శనివారం ఒక్కపొద్దులో అన్నం ఒక్కపూటే గానీ చాయ్‌కి అడ్డు లేదని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

రెండో తెలివితక్కువతనం నా టేబుల్ సొరుగులో ఉండేది. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని రాత్రి పన్నెండు దాటాక చుక్క నీరు కూడా ఇవ్వకూడదని మా గురువులు నేర్పారు. ఆపరేషన్‌కు రెండు గంటల ముందుదాకా మంచినీళ్ళు తాగినవాళ్ళ కడుపులు, రాత్రంతా ఎండబెట్టినవాళ్ళ కడుపులకంటే నిండుగా ఏమీ లేవని ఆ ఏళ్ళలో వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. ఆ వ్యాసాలు జిరాక్స్ తీయించి, ఎర్ర పెన్నుతో గీతలు గీసి, నేర్చుకున్నది తప్పని ఒప్పుకోలేక సొరుగులో పెట్టి తాళం వేశాను. ఏడాదిన్నర. దాహం వాళ్ళది, అహం నాది. రోగులు నీళ్ళడిగితే నేను నీళ్ళు నమిలేవాణ్ణి.

రెండువేల సంవత్సరం అటూ ఇటూ. మేడ్చల్ రోడ్డు మీద, కొంపల్లి దాటాక, మాది ఇరవై మంచాల ఆసుపత్రి. శామీర్‌పేట వైపు ఊరి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. పిత్తాశయంలో రాళ్ళు. తెల్ల లాల్చీ వేసుకున్న ఆమె కొడుకు అప్పుడే పొలం ప్లాట్లు చేసి హద్దురాళ్ళు పాతిస్తున్నాడు. అక్కడ రాళ్ళు వేయిస్తూ, ఇక్కడ రాళ్ళు తీయిస్తున్నాడన్నమాట.

ఆపరేషన్ ఎనిమిదిన్నరకు. సర్జన్ గారు పదిన్నరకు వచ్చారు. ఆయనకది మామూలే. ఆ రెండు గంటలూ పెద్దావిడ నర్సును నీళ్ళడుగుతూనే ఉంది. మంచానికి తగిలించిన 'నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు' అనే రేకుబోర్డు చూపించి నర్సు వెళ్ళిపోయేది.

బల్ల మీద పడుకోబెట్టాక, మాస్కు చేతిలో పట్టుకుని, అలవాటుగా ఆఖరిసారి అడిగాను.

"అవ్వా, పొద్దున ఏమీ తినలేదు కదా?"

"నీ మాట దాటుతనా బిడ్డా? నిష్ఠగున్న. చాయ్ దప్ప ఏం ముట్టలే."

"చాయ్ ఎప్పుడు తాగావు?"

"ఏడు గొట్టంగ. పెద్ద గిలాసల. ఏందయ్యా, చాయ్‌తోని పొద్దు చెడుతదా?"

మాస్కు పక్కన పెట్టాను. పాలున్న చాయ్ అంటే మాకు అన్నం కిందే లెక్క. ఆరు గంటలు ఆగాలి. అంటే ఒంటిగంట.

సర్జన్ గారు చేతులు కడుక్కుని, తడి మోచేతులతో నిలబడి విన్నారు. "చాయ్ తాగిందని ఆపుతవా? బిస్కెట్ ముంచుకున్నదా లేదా అది గూడ అడిగినవా?" అన్నారు. నర్సులు నవ్వారు. "నాకు రెండింటికి సికింద్రాబాద్‌ల ఇంకో కేసుంది. ఇప్పుడు గాకుంటే ఇయ్యాల లేదు."

బయట కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు. "డాక్టర్ సాబ్, గిప్పుడు ఇంటికి దీస్కవోతే మల్ల రాదు. నొప్పి లేశి, జరమొచ్చి రెండుసార్లు సచ్చి బతికింది. ఈడిదాక దీస్కరానికి నాకు ఆర్నెల్లు వట్టింది. మీరే ఏదన్న జేయున్రి."

తిరిగి వార్డుకు చేర్చిన ఆమె అప్పటికే చీర కొంగు సర్దుకుని దిగడానికి కాళ్ళు కిందికి వేసింది. "దేవుడు అడ్డం వడ్డడు, నేను వోత. గొంతు ఎండి నాలికె అంగిట్ల అతుక్కున్నది. నీళ్లియ్యని దవాఖాన ఏం దవాఖాన?"

నేను గదిలోకి పోయి సొరుగు తాళం తీశాను. కాగితాలు తీశాను. మళ్ళీ చదివాను. గంట పదీ నలభై. ఒంటిగంటకు ఆపరేషన్ అయితే పదకొండు దాకా మంచినీళ్ళు ఇవ్వొచ్చు. ఎర్ర గీతలు నా వైపే చూస్తున్నాయి. నా చేత్తోనే చెంబు పట్టుకెళ్ళి రెండు గ్లాసులు తాగించాను. వాడిపోయిన చేను తడిసినట్టు ఆ ముఖం తేరుకుంది. ఒంటిగంట దాకా ఉంటానంది.

సర్జన్ గారికి వార్త చేరింది. "చాయ్ తాగిందని ఆపరేషన్ ఆపినోనివి, నువ్వే నీళ్లు తాపుతున్నవేందయ్యా! కాయిదాలు సదివి పేషెంట్ మీద ఎక్కాలు నేర్సుకుంటున్నవా?"

"సార్, పాలు కడుపులో విరిగి అల్లుడిలా తిష్ఠ వేస్తాయి. నీళ్ళు దారిన పోయే చుట్టం లాంటివి. పలకరించి వెళ్ళిపోతాయి."

"ఆ చుట్టం పోకుంటే?"

ఎర్ర గీతల కాగితాలు ఆయన ముందు పెట్టాను. సికింద్రాబాద్‌కు ఫోన్ చేసి, "ఒంటిగంట దాక ఉంట. ఏమన్నైతే పేరు నీది" అన్నారాయన.

ఆ రెండు గంటలు నేను వరండాలో ఎన్నిసార్లు తిరిగానో. మేడ్చల్ బస్సులు పోతున్నాయి. అందరినీ నిద్రపుచ్చేవాడికి నిలకడ లేదు. ఆవిడ కడుపు వైపు చూసేవాణ్ణి, గడియారం వైపు చూసేవాణ్ణి. కడుపులోది బయటికి లాగే గొట్టం సరిచూశాను. వాంతి అయితే పీల్చే మిషను ఆన్ చేసి, ఆపి, మళ్ళీ ఆన్ చేశాను. "డాక్టర్ సాబ్, జర కూసోన్రి, మిమ్ముల జూస్తె నాకు పరేషాన్ అయితాంది" అన్నాడు కొడుకు.

ఒంటిగంటకు మత్తిచ్చాను. శ్వాస గొట్టం గొంతులోకి వేసేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. ఆవిడకు మాత్రం ఆక్సిజన్ బాగానే అందింది. కడుపులోకి వేసిన సన్నని గొట్టంలో రెండు చెంచాల పసరు తప్ప ఏమీ రాలేదు. చుట్టం ఎప్పుడో వెళ్ళిపోయాడు. రాళ్ళు బయటికొచ్చాయి. మెలకువ రాగానే ఆవిడ బొంగురుగా అడిగిన మొదటి మాట: "ఐపాయెనా? ఇగ చాయ్ తాగొచ్చునా?"

సర్జన్ గారు వెళ్తూ వెళ్తూ నర్సులతో, "నీళ్ల డాక్టర్‌కు దండం వెట్టున్రి" అన్నారు. ఆ పేరు వారం రోజులు ఆసుపత్రిలో తిరిగింది.

తర్వాతి మంగళవారం ఎనిమిదిన్నరకు ఒక హెర్నియా ఉంది. ఈసారి 'ఒక్కపొద్దు' అనలేదు; చాయ్ వద్దు, పాలు వద్దు, మంచినీళ్ళు ఆరున్నర దాకా తాగొచ్చు అని విడివిడిగా చెప్పాను. తొమ్మిదయినా సర్జన్ గారు లేరు. అప్పుడే కొత్తగా కొన్న ఆయన సెల్‌ఫోన్‌కు ఫోన్ చేశాను.

"సుచిత్ర దాటిన, వస్తున్న" అన్నారు. వెనక ఇంట్లో కుక్కర్ కూత వినబడింది.

"తొందరేం లేదు సార్" అని ఫోన్ పెట్టేసి, నర్సుతో రోగికి ఒక నిండు గ్లాసు మంచినీళ్ళు ఇప్పించాను. టైము చీటీ మీద రాయించాను. తొమ్మిదీ పది.

తొమ్మిదీ నలభైకి ఆయన చేతులు కడుక్కోబోతుంటే చీటీ చూపించాను. "పదకొండూ పదికి సార్. నీళ్ళు కదా, రెండు గంటలు ఆగాలి. కాయిదాల్లో ఉంది."

ఆయన నన్ను చూశారు, గడియారం చూశారు. తర్వాత వరండాలోకి పోయి నేను తిరిగిన చోటే ఇటూ అటూ తిరగడం మొదలుపెట్టారు. నేను కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని, క్యాంటీన్ నుంచి చాయ్ తెప్పించుకున్నాను, పెద్ద గ్లాసులో. ఆ రోజు శనివారం కాదు. అయినా చాయ్‌తోని పొద్దు చెడదట కదా.