నా చెవికి రెండూ ఒకటే

పాటల సీడీలను ఎంపీత్రీలుగా మార్చే సాఫ్ట్‌వేరు ఒకటుంటుంది. దాన్ని ఎవడు తయారుచేశాడోగానీ వాడికి ప్రశ్నలడిగే జబ్బుంది. సీడీ పెట్టగానే ఏ ఫార్మాట్, ఏ క్వాలిటీ, ఏ ఫోల్డర్ అంటూ నా ప్రాణం తీసింది. పాటలు తియ్యరా బాబూ అంటే జాతకం అడుగుతుంది. ఇంట్లో తిట్టడానికి ఇంకెవరూ లేరు కాబట్టి దాన్నే నాలుగు తిట్టి, అన్నిటికీ జవాబు చెప్పాను.

మామూలు సీడీలైతే ఇంత పట్టించుకునేవాణ్ణి కాదు. వాటిలో ఒకటి మా ఆవిడ పాడినది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పది లాలిపాటలు ఎక్కడ పోతాయోనని, మేం స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో ఒక మైకుసెట్టు అతని చేత రికార్డు చేయించుకుంది. ఆ రోజు నాకు బి షిఫ్టు, వెళ్ళలేదు. ఆమె పోయి నాలుగేళ్ళయింది. నేను మధురవాడలో ఈ ఫ్లాటుకి వచ్చాక, సముద్రపు గాలికో ఏమో, సీడీ మీద తెల్లమచ్చలు మొదలయ్యాయి. ఆ గొంతు కూడా పోతే నాకింక మిగిలేదేమీ లేదు. అందుకే ఈ తంటా.

క్వాలిటీ దగ్గర ఆగాను. ఒకే పాటని అన్నిటికన్నా చిన్న సైజులో ఒకసారి, పెద్ద సైజులో ఒకసారి తీశాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని మూడేసిసార్లు విన్నాను. వెంట్రుకవాసి తేడా లేదు. పెద్దదైతేనే నాణ్యం అని రాసి జనాన్ని వెర్రివాళ్ళని చేస్తున్నారనుకుని చిన్నదే నొక్కాను. రోలింగ్ మిల్లులో ముప్పై ఏళ్ళు ఇన్‌స్పెక్షన్ చేసినవాణ్ణి, పరీక్షించనిదే దేన్నీ ఒప్పుకోను.

పరీక్షించిన చెవులు ఎలాంటివో మాత్రం ఆలోచించలేదు. మిల్లులో మాకు ఇయర్‌ప్లగ్గులు ఇచ్చేవారు. సేఫ్టీ ఆఫీసరు వస్తున్నాడంటే పెట్టుకునేవాళ్ళం, ఆయన అటు తిరగగానే జేబులో వేసేసేవాళ్ళం. ఎర్రటి కడ్డీ రోలర్ల మధ్య నుంచి అరుచుకుంటూ పోతుంటే, ఎవడైనా బుద్ధిగా ప్లగ్గులు పెట్టుకుని కనపడ్డాడో, "ఏటి బావా, సెవులకి బిరడాలెట్టీసినావు?" అని వాడు అవి తీసేదాకా ఏడిపించేవాళ్ళం. అలా ఏడిపించినవాళ్ళలో నేనే ముందు.

మా మిల్లువాళ్ళకి ఇంకో అలవాటుంది. సరుకు పాసై బయటికి వెళ్ళిందంటే మిగిలింది స్క్రాపే, దాన్ని ఒక్కరోజు కూడా ఉంచం. పది పాటలూ చివరిదాకా విన్నాను, ఎక్కడా ఆగలేదు. పాస్. సీడీలన్నిటికీ దారం కట్టి, పావురాలు రాకుండా బాల్కనీ గ్రిల్లుకి వేలాడదీశాను. మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది చేసే పనే. ఆమె సీడీ కూడా కట్టాను. ఎండ పడితే అదే అన్నిటికన్నా బాగా మెరిసేది. పొద్దున్న కాఫీ తాగుతూ దానితో మాట్లాడేవాణ్ణి, నవ్వితే నవ్వండి.

ఏడాది తిరిగాక సీతమ్మధార నుంచి మా మరదలు ఫోన్ చేసింది. మా ఆవిడకి చెల్లెలు. మనవరాలికి బారసాల చేస్తున్నామని, పాపని ఉయ్యాల్లో వేసేటప్పుడు అక్క పాట పెడదామని అంది. నన్ను ఎవరైనా ఏదైనా అడిగి ఎన్ని నెలలైందో. ఫోన్లో పంపితే సరిపోయేదానికి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కాను.

టీవీకి తగిలించి పాట పెట్టింది. సగంలోనే ఆపేసింది.

"ఏటి బావా ఇది? నూతిలోంచి పాడినట్టుంది. అక్క గొంతు ఇలాగుండదు."

నాకు ఒళ్ళు మండింది. నీ టీవీయే పాడైందన్నాను. ఆమె అదే టీవీలో వేరే పాటేదో పెట్టి, తర్వాత మళ్ళీ అక్క పాట పెట్టింది. నాకు తేడా వినపడలేదు, ఆమె ముఖంలో కనపడింది. సీడీ ఏదని అడిగింది. పావురాలకి కట్టానని, ఎండకి ఎండి, వానకి తడిసి, పైపొర పొలుసుల్లా రాలిపోయిందని చెప్పాను. మైకుసెట్టు అతను ఎప్పుడో ఊరు వదిలి వెళ్ళిపోయాడని ఇద్దరికీ తెలుసు.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. లోపలికెళ్ళి కాఫీ తెచ్చి చేతికిచ్చింది.

ఇందులో ఏం లేదో నాకు చెప్పమ్మా అని అడిగాను.

"పతీ లైనుకీ ముందు అక్క సన్నగా ఊపిరి తీసుకునీది బావా, అచ్చం మా అమ్మలాగ. తాళం వేత్తంటే గాజులు గలగలమనీవి. ఆ పాటల్లో నాకు అమ్మ కనపడీది అక్కడే. అదంతా పోనాది."

ఆ గాజులు నేను చూశాను. చప్పుడు గుర్తు లేదు. సీడీలోనూ నాకది వినపడలేదు, పక్క గదిలో మా ఆవిడ రోజూ పాడుకున్నప్పుడూ వినపడలేదు. ఎప్పటినుంచి వినపడడం మానేసిందో కూడా తెలియదు. ఆ ఊపిరి ఎలా ఉండేదో ఒకసారి చేసి చూపించమన్నాను. మరదలు కళ్ళు తుడుచుకుని, నిటారుగా కూర్చుని, ఊపిరి తీసుకుని ఒక లైను పాడింది. మళ్ళీ పాడమన్నాను. మళ్ళీ పాడింది. నాకు లైను వినపడింది, అంతే.

ఇలాగే ఉండేది కదూ అని ఆమె అడిగింది. అవునన్నాను. అచ్చం ఇలాగే ఉండేదని చెప్పాను.