పరుగు తర్వాత అంబలి

పులిసిన చోడి అంబలి, అదే రాగి అంబలి, వాసన తగిలితే ఇప్పటికీ నా పిక్కలు బిగుసుకుంటాయి. ఈ ఉదయం పోలీస్ క్వార్టర్స్ వరండాలో గ్లాసు ఎత్తగానే, పక్కింటి సహోద్యోగి, పరుగులో ఎన్ని కేలరీలు కరిగాయో చూపించే నా చేతి వాచీ వైపు చూసి, "పరుగెత్తి కరిగించిందంతా మళ్ళీ తాగేస్తున్నావా?" అని నవ్వింది. నవ్వనీ. ఆ ప్రశ్నకు జవాబు నాకు నర్సీపట్నంలోనే దొరికింది. చెప్పినావిడ మార్తమ్మ గారు, మా వీధి చివర ఉండే రిటైరైన డ్రిల్లు టీచరు.

ఆవిడది భారీ విగ్రహం. డ్రిల్లు టీచరు అంత లావేమిటని వీధంతా ముసిముసిగా నవ్వేది. ఆవిడ మాత్రం మెడలో విజిల్ వేసుకుని, తెల్లారగట్ల గ్రౌండులో దర్జాగా నడిచేవారు.

నేను కానిస్టేబుల్ సెలక్షన్లకు పరుగు సాధన చేస్తున్న రోజులవి. ఆ పరుగు తప్పితే వయసు దాటిపోతుంది, ఇంకో అవకాశం లేదు. ఒళ్ళు తగ్గితే వేగం వస్తుందనుకున్నాను. సరిగ్గా ఈస్టరుకు ముందటి శ్రమదినాలు వచ్చాయి. మా చర్చిలో చాలామంది సాయంత్రం ప్రార్థన దాకా ఏమీ ముట్టరు. నేనూ ఉపవాసం పట్టాను, రాత్రి కూడా సరిగా తినలేదు, పొద్దుటి పరుగు మాత్రం మానలేదు. నా చెంపలు లోపలికి పోయేకొద్దీ అందరూ నా భక్తిని మెచ్చుకున్నారు. ముఖంలో కళ వచ్చిందని మా పెద్దమ్మ మురిసిపోయింది.

ఒకరోజు గ్రౌండు మలుపులో కళ్ళు తిరిగి పడిపోయాను. తేరుకునేసరికి నా తల మార్తమ్మ గారి ఒడిలో ఉంది.

"ఏటే రూతూ, నిన్న ఏటి తిన్నావు?"

"ఉపవాసమండీ."

"దేవుడికా, తూకం మిషన్‌కా?"

ఆవిడ స్టీలు క్యానులోంచి అంబలి పోసి, ఉల్లిపాయ ముక్క చేతిలో పెట్టారు.

"ఇది తాగితే పరిగెట్టిందంతా వేస్టే కదండీ?"

"పరిగెట్టేవు కదాని బజ్జీల బండి మీద పడమన్నానా? పని సేసిన ఒంటికి కూడు పెట్టమంటన్నాను. పస్తున్న ఎడ్లని బండికి కడతారేటే? బేగి తాగు."

సంగతి తెలిసి, ఆ ఆదివారం పెద్దమ్మ చర్చి గుమ్మంలోనే ఆవిడను నిలదీసింది. "ఉపవాసం మాన్పించీసారంట. పిల్ల సన్నబడతంటే మీకేటండీ?"

"సన్నబడతన్నాది కాదమ్మా, సోలిపోతన్నాది. తిన్నీయండి. దేవుడికి జవాబు నేను సెప్పుకుంటాను."

మార్తమ్మ గారు గొంతు తగ్గించలేదు. నాకు ఏడుపొచ్చింది. నా ఆకలి తరఫున నిలబడి మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే.

అప్పట్నుంచి పరుగయ్యాక అంబలి, ఉడికించిన గుడ్డు. తూకం మెల్లగా, మొండిగా, కొంచెమే దిగింది. కాళ్ళకు మాత్రం బలమొచ్చింది. సెలక్షన్ రోజున, తేలిగ్గా ఉండాలని ముందు రోజు నుంచే పస్తున్న అమ్మాయిలు నా పక్కన నిలబడ్డారు. నేను తినే వెళ్ళాను. గడువులోపలే గీత దాటాను.

పోయినేడు మార్తమ్మ గారు కన్నుమూశారు. ఆవిడ పెట్టెను సమాధుల తోటదాకా మోసినవాళ్ళలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. దారిలో భుజం మార్చుకోమని మగవాళ్ళు చెప్పారు. మార్చుకోలేదు.

తర్వాత భోజనాల దగ్గర పెద్దమ్మ నా ప్లేటు చూసి, "పోలీసువైనా ఒళ్ళు తగ్గలేదేటే!" అంది. చుట్టూ నలుగురు నవ్వారు. నేను వడ్డించేవాణ్ణి పిలిచి, అందరికీ వినబడేలా చెప్పాను.

"ఇంకో గరిటె అన్నం పెట్టండి. టీచరు గారిని మోసొచ్చాను, ఆకలేస్తంది."