పెద్దమ్మ కోసిన మైనపు దిమ్మెలు

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ, మా పెద్దమ్మ సంగతి నేను చెప్పి తీరాలి. ఆస్పత్రి ల్యాబ్‌లో ముప్పయ్యేళ్ళు కణితి ముక్కలు కోసిన మనిషి ఆమె. మా అమ్మకి తోడబుట్టిన అక్క.

ఆపరేషన్‌లో తీసిన కణితి నుంచి గోరంత ముక్క ఆ ల్యాబ్‌కి వస్తుంది. దాన్ని మైనంలో పెట్టి గడ్డకట్టిస్తే అగ్గిపెట్టెలో పట్టేంత దిమ్మె అవుతుంది. దిమ్మెను యంత్రానికి బిగించి చక్రం తిప్పితే, బ్లేడు మీదుగా ఉల్లిపొర కన్నా పలచని పొరలు జారుతాయి. వాటిని గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి గాజుపలకతో ఎత్తి పట్టుకోవాలి. ఎవరైనా తుమ్మితే అంతే సంగతులు. అందుకే చెమటలు ధారలు కట్టినా పెద్దమ్మ ఆ గదిలో ఫ్యాన్ వేయనిచ్చేది కాదు. "గాలి కావాలా? బయటికెళ్ళి పీల్చుకో" అనేది పెద్ద పెద్ద డాక్టర్లతో కూడా.

దిమ్మె మొత్తం కోసేయడం ఆమె దృష్టిలో పాపం. ప్రతిదాంట్లోనూ మూడో వంతు మిగిల్చి భద్రపరిచేది. "ముక్క రోగిది. రేపు వాళ్ళకి ఏ పరీక్ష అవసరమొస్తుందో ఎవరికి తెలుసు? అప్పుడు నీ పరిశోధన చూసి సరిపెట్టుకోమంటావా?" అని పొడుగు డాక్టరుని ఎన్నోసార్లు కసిరింది. ఆరడుగులు దాటిన మనిషి కనుక ఆస్పత్రిలో అందరూ ఆయన్ని అలాగే పిలిచేవారు.

ఆ పొడుగు డాక్టరు వెంటపడింది ఒక అరుదైన క్యాన్సర్. పేరు పలకబోతే నాలుక మడతపడుతుంది. దేశమంతా కలిపినా ఏడాదికి యాభై మందికి రాదు. దానికి మందు వెతకడానికి డబ్బు కావాలని, పరిశోధనలకు డబ్బిచ్చే ఒక సంస్థకు ఆయన దరఖాస్తు పెట్టాడు. రోగులు బొత్తిగా తక్కువ, కనీసం ఇరవై మంది కణితులు పరీక్షించి తొలి ఫలితాలు చూపించమని వాళ్ళు తిప్పి పంపారు. తక్కువ మందికి వస్తుంది గనకే కదయ్యా దాన్ని అరుదంటున్నది! అయిదేళ్ళు పోగేస్తే పంతొమ్మిది దిమ్మెలయ్యాయి.

ఇరవయ్యోది మా అమ్మది.

అమ్మ బడిపిల్లల బస్సు నడిపేది. నోరూ పెద్దదే, నవ్వూ పెద్దదే. ఆపరేషనై ఇంటికొచ్చాక, ముక్కను పరిశోధనకు వాడుకునే అంగీకార పత్రం పెద్దమ్మ తెచ్చి ముందు పెడితే, చదవకుండానే సంతకం గీకింది. "మొత్తం తీసుకోవే అక్కా. నాకెందుకది, మెళ్ళో వేసుకుని తిరగనా?" అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

పొడుగు డాక్టరు అడిగింది పద్నాలుగు పలకలు. పెద్దమ్మ నలభై కోసింది. దిమ్మెను తీసి మళ్ళీ బిగించిన ప్రతిసారీ సమం చేయడానికే కొంత ముక్క పోతుంది. ఒకేసారి కోసేస్తే వృథా ఉండదని, డబ్బు రాగానే చేసే పరీక్షలకి సిద్ధంగా ఉంటాయని అనుకుంది. చెల్లెలి ముక్క, అక్క చెయ్యి, అడ్డు చెప్పేదెవరు? చివరి పొర దాకా చక్రం తిప్పింది. దిమ్మెలో ఇక మైనమే ఉంది.

ఇరవై మంది ఫలితాలతో పొడుగు డాక్టరు మళ్ళీ దరఖాస్తు పెడితే, ఏడు నెలలకి సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. పథకం మెచ్చుకోదగ్గదే కానీ ఈ ఏడాదికి కుదరదట. అదే నెలలో అమ్మకి జబ్బు తిరగబెట్టింది. ఈసారి కాలేయం పక్కన, పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని.

ఒక మధ్యాహ్నం పొడుగు డాక్టరు ఆయాసపడుతూ మా ఇంటికొచ్చాడు. వేరే నగరంలో ఒక కొత్త మందును రోగులకిచ్చి చూస్తున్నారట. అమ్మకి పనిచేసే అవకాశం ఉందట. చేర్చుకోవాలంటే ముందు కణితి పలకలు పది పంపాలి, అవి నెలన్నరలోపు కోసినవే అయి ఉండాలి. పాతవి వాళ్ళ పరీక్షకి పనికిరావు.

"దిమ్మె ఉందిగా, రేపే కోయించి పంపేద్దాం" అన్నాడు ధీమాగా.

మంచం పక్కనే కూర్చున్న పెద్దమ్మ, దిమ్మె ఎక్కడ పెట్టానో చూడాలంది.

రెండ్రోజులు "వెతుకుతున్నా" అంది. "నా ముక్క పోగొట్టిన వెధవెవడోగానీ వాడి చేతులు పడిపోను!" అని అమ్మ ఆమె ఎదుటే శాపనార్థాలు పెట్టింది. మూడో రోజు పొద్దున పెద్దమ్మ చెప్పులైనా విప్పకుండా అమ్మ మంచం దగ్గరికొచ్చింది.

"చిన్నీ, ఎవరూ పోగొట్టలేదే. నేనే కోశాను. మొత్తం."

అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "అందరివీ అంతేనా?"

"లేదు. వాళ్ళవి ఉంచాను."

"అంటే నాదొక్కటే."

"నీకు మందు దొరకాలనే కదే..."

"ఊళ్ళో వాళ్ళందరికీ పద్ధతి. నా దగ్గరికొచ్చేసరికి నీ సొంత సొత్తయిపోయానా అక్కా?"

మొత్తం తీసుకోమన్నది అమ్మే. ఆ మాట పెద్దమ్మ ఎత్తలేదు. ఎత్తితే ఆమె మీద నింద కాస్త తగ్గేది. నాకూ గుర్తుంది, నేనూ నోరు మూసుకున్నాను. నా ఒళ్ళు మండిపోతోంది, నింద తగ్గకూడదనే అనిపించింది.

సూదితో కొత్త ముక్క తీయమని అమ్మ పట్టుబట్టింది. పక్కనే రక్తనాళం, ప్రమాదమని సర్జన్ తల అడ్డంగా ఊపాడు. "తీయకపోతే బతికిస్తారా చెప్పండి, ఇప్పుడే లేచి ఇంటికెళ్ళిపోతా" అంది. ఈసారి కాగితంలో ప్రతి లైనూ చదివి మరీ సంతకం పెట్టింది.

దారప్పోగుల్లాంటి ముక్కలు రెండు వచ్చాయి. మైనంలో గడ్డకట్టేసరికి తెల్లారింది. వేరేవాళ్ళు కోస్తారన్నా పెద్దమ్మ ఒప్పుకోలేదు. "వెళ్ళి దగ్గరుండి చూడు, నమ్మకం లేదు నాకు" అని అమ్మ నన్ను పంపింది. గుమ్మంలో నిలబడి చూశాను. పొర వెనక పొర, పది పలకలు. దిమ్మెలో కాస్త ఉంచింది కూడా. ఆమె చెయ్యి వణకలేదు. వణికితే బాగుండుననిపించింది.

పదో పలక మీద అమ్మ నంబరు రాస్తుండగా వార్డు నుంచి ఫోనొచ్చింది. సూది గుచ్చిన చోట లోపల రక్తం కారుతోందట. మేం మెట్లెక్కి వెళ్ళేలోపే థియేటర్‌కి తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికి అమ్మ లేదు.

సాయంత్రం వరండాలో పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. తల మీద ల్యాబ్ టోపీ తీయడం కూడా మర్చిపోయింది.

"అమ్మాయ్, ఆ పది పలకలూ, మిగిలిన దిమ్మె కూడా పొడుగు డాక్టరుకి ఇద్దామా? మళ్ళీ దరఖాస్తు పెడతాడు. ఆయన అడగలేదు తల్లీ, నేనే అడుగుతున్నా."

నా నోటికొచ్చినవన్నీ అన్నాను. ఇంకా శవం ఇంటికే చేరలేదు, నీకు సిగ్గుందా అన్నాను. ఆమె తలొంచుకుని విని, లేచి వెళ్ళిపోయింది.

అయినా నెల తిరక్కుండా వెళ్ళి అంగీకార పత్రం మీద సంతకం పెట్టాను. ఆ జబ్బు ఇంకెవరింటికో వస్తుంది కదా. పత్రం అడుగున షరతులేమైనా ఉంటే రాయమని ఖాళీ గీతలున్నాయి. "ఈ దిమ్మెను మా పెద్దమ్మ ముట్టుకోకూడదు" అని రాశాను. పొడుగు డాక్టరు చదివి, "ముక్క చాలా చిన్నదమ్మా, ఆవిడ చెయ్యి అయితేనే..." అంటూ నా మొహం చూసి ఆగిపోయాడు.

ఈ ఏడాది డబ్బు మంజూరైంది. అప్పటికి పాత పలకలన్నీ పనికిరాకుండా పోయాయి, అసలు పరీక్షలకి మళ్ళీ కొత్తవి కోశారు. పంతొమ్మిది దిమ్మెలు పెద్దమ్మే కోసింది. అమ్మది కొత్తగా చేరిన అమ్మాయి చేతికిచ్చారు. పొరలన్నీ చిరిగిపోయాయని, ఒక్కటీ నిలవలేదని, దిమ్మె అయిపోయిందని పొడుగు డాక్టరు నాకు ఫోన్ చేసి చెప్పాడు. పెద్దమ్మ ఆ పక్క బల్ల దగ్గరే ఉందట, నేను రాసిన కాగితం చూసి చెయ్యి పెట్టలేదట.