బోటి కడిగిన ఇంగ్లీషు

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి బోనాలకు అత్తమ్మ నా ముందు ఒక పెద్ద గిన్నె పెట్టింది. నిండా యాట బోటి, అంటే మేకపోతు పేగులూ పొట్టా. హైదరాబాద్ కార్వాన్‌లోని ఆ ఇంట్లో కొత్త కోడలే దాన్ని కడగాలి. కడిగేటప్పుడు ఛీ అనకూడదు, థూ అనకూడదు. అమ్మవారికి మొక్కి కోసిన యాట కదా. నోరు జారితే గిన్నె తోటికోడలి చేతికి పోతుంది, పండుగ కూర కూడా ఆమే వండుతుంది. ఆమె అప్పటికే కొంగు బిగించి గడప మీద కూర్చుంది.

మా పుట్టింట్లో బోటి ఎవరూ ముట్టరు. కానీ ఆ కూర నేనే వండాలి. ఆఫీసు పిల్లకు చాయ్ పెట్టడం వస్తే చాలని ఇంటిల్లిపాదీ నవ్వేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

మొదటి పేగు తిరగేశాను. ఛీ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి "యక్" అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఇక చూసుకోండి, వేడినీళ్ళు పోస్తే "ఈవ్", పొట్ట మీది నలుపు గీకితే "అగ్", తోటికోడలు తొంగిచూస్తే మళ్ళీ యక్. ఉప్పూ పసుపూ వేసి తోమేసరికి ఇంగ్లీషులో ఉన్న అసహ్యమంతా ఖర్చయిపోయింది, బోటి మాత్రం తెల్లగా తేలింది. మా నాన్న నన్ను ఇంగ్లీషు మీడియంలో ఎందుకు వేశాడో ఆ రోజే అర్థమైంది.

కూర నేనే వండాను. మామయ్య రెండోసారి వడ్డించమన్నాడు. తోటికోడలు కూడా గిన్నె అడుగు గీకి తిన్నది. నాకు ఒకటే సంతోషం, కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

ఆఖరున ఆడవాళ్ళం కూర్చున్నాం. అత్తమ్మ నా పళ్ళెంలో ముక్కలు వేస్తూ మెల్లగా అడిగింది.

"ఏం బిడ్డా, అమ్మవారికి ఇంగ్లీషు రాదనుకున్నవా?"

అంత కష్టపడి వండి కూడా ఓడిపోయానా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వంగింది.

"ఫికర్ జెయ్యకు. మా అత్తది పల్లెటూరు, ఆమెకు ఉర్దూ రాకపోతుండె. నేను ఛీ ఛీ అనేదానికి తౌబా తౌబా అనుకుంట కడిగిన. పిల్లకు మస్తు భక్తి ఉన్నదని మురిసిపోయింది."