‘మీ ఆయన ఏడి?’ అని అడిగిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయింది. నాంపల్లిలో ఆవిడ ఇంటి ముందు టెంటు వేశారని మా స్కూలు ఆయా చెప్పగానే సెలవైనా అడక్కుండా రిక్షా ఎక్కాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మా మాజీ అత్తగారూ, ఆవిడ సుపుత్రుడూ నిక్షేపంగా ఉండగా ఈవిడ పోవడమేమిటి?

ఆవిడ క్లినిక్ ఆబిడ్స్‌లో ఓ సందులో, గడియారాల దుకాణం మీద. పిల్లల్లేరని వచ్చే ఆడవాళ్ళు అత్తల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. చెయ్యి పట్టి చూడకముందే ఆవిడ అడిగేది, “మీ ఆయన ఏడి?” ఆఫీసుకెళ్ళారంటే, “గయితే నువ్వు గూడ పో. రేపు ఇద్దరు రాండ్రి.”

మాది యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం. మేమిద్దరం ఆ క్లినిక్‌కి వెళ్తే వెంట వచ్చి, “మగాడికి పరీక్షలా? విడ్డూరం!” అంది మా అత్తగారు.

“అమ్మా, జర కిందికి పోయి చాయ్ తాగి రాండ్రి,” అంది డాక్టరమ్మ. మడి కట్టుకునే మనిషి, ఇరానీ హోటల్ ముందు ముక్కు మూసుకుని నిలబడింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ హాయిగా ఉంటుంది. నన్ను గొడ్రాలని, ఆడపడుచు సీమంతంలో గాజులు తొడగనివ్వకుండా వంటింట్లో కూర్చోబెట్టింది ఆవిడే మరి.

లోపం మా ఆయనదని తేలింది. డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. “దీనికి మందు లేదు. ఒక తొవ్వ ఉన్నది. వేరేటాయన వీర్యంతోని ఈమెకు గర్భం నిలుస్తది. ఆయనెవరో మీకు తెల్వది, మీరెవరో ఆయనకు తెల్వది. పుట్టినంక తండ్రివి నువ్వే.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన తల వంచుకుని కూర్చుంటే, నిజం చెప్పాలి, జాలేసింది. కొన్నాళ్ళకు ఒప్పుకున్నాడు కూడా. కానీ లోపం నాదేననీ, మందులతో నయమైందనీ ఇంట్లో చెప్పాలట. “ఆ మాట నీ మీదే ఉండనీ. నీకు అలవాటే కదా,” అన్నాడు.

అలవాటే కదా! ఆ మాటతో జాలి కాస్తా ఎగిరిపోయింది.

మళ్ళీ ఇద్దరం వెళ్ళినప్పుడు డాక్టరమ్మ అంతా విని నన్నడిగింది. “నీకు బిడ్డ కావాల్నా, బదులు తీర్చుకునుడు కావాల్నా?”

“రెండూ,” అన్నాను.

ఆవిడ నవ్వి ఆయన వైపు తిరిగింది. “సార్, వీర్యం సంగతి ఎవ్వరికి చెప్పకుండ్రి, మంచిదే. ఈమెకు ఏ లోపం లేదని మాత్రం మీ అమ్మకు మీ నోటితోని చెప్పి రాండ్రి. గప్పుడు షురూ చేస్త.”

ఆయన మెట్లు దిగి వెళ్ళాడు. మళ్ళీ ఎక్కలేదు. విడాకులిచ్చి ఇంకో అమ్మాయిని తెచ్చుకున్నాడు.

చేతికందిన బిడ్డను పోగొట్టావని నేను డాక్టరమ్మ మీద కూడా విరుచుకుపడ్డాను. “నిన్ను గొడ్రాలన్న నోరు రేపు పుట్టిన బిడ్డను అనకుంట ఊకుంటదా?” అంది. తర్వాత హిమాయత్‌నగర్‌లో ఈ స్కూలు ఉద్యోగం చూపించిందీ ఆవిడే. ఆ కొత్త పెళ్ళాంతో నిజం చెప్పేస్తానని ఎన్నిసార్లు ఎగిరానో! “నేను బతికున్నన్ని దినాలు వద్దు. నేనే చెప్పించిననుకుంటరు. నన్ను నమ్మి వచ్చినోళ్ళ మాట నేను బయటపెట్ట,” అనేది. పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను.

టెంటు కింద ఆడవాళ్ళ మధ్య ఆ కొత్త పెళ్ళామే కనిపించింది. మనిషి చిక్కిపోయింది. ఆమె కూడా ఒంటరిగా ఆ మెట్లెక్కి, “మీ ఆయన ఏడి?” అనిపించుకుని తిరిగొచ్చిందట, పక్కావిడకు చెప్పుకుని ఏడుస్తోంది. ఆయనగారు గేటు బయట స్కూటర్ మీద కూర్చుని చేతి గడియారం చూసుకుంటున్నాడు.

డాక్టరమ్మ పాదాలకు దండం పెట్టుకున్నాను. వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను.

“మీ ఆయన మొదటి భార్యని నేను. లోపం నీది కాదమ్మా, నాదీ కాదు. ఆయనకు తెలుసు. పోయి అడుగు.”

ఆమె కళ్ళు తుడుచుకుని గేటు దాకా నడిచింది. ఏమడిగిందో వినపడలేదు. ఆయన గబగబా కిక్ కొట్టి స్కూటర్ స్టార్ట్ చేశాడు. ఆమె వెనక ఎక్కలేదు. కొంగు నడుముకు చెక్కి, ముందు చక్రానికి అడ్డంగా నిలబడింది.